ఆడకుక్కలలో అసాధారణ దుర్వాసన

ఆడకుక్కలలో అసాధారణ దుర్వాసన ఒక వ్యాధి పేరు కాదు. అనేక వ్యాధులలో ఉమ్మడిగా కనిపించే ఒక లక్షణం. చెవులు, చర్మం, నోరు, మలద్వార గ్రంథుల నుండి వచ్చే దుర్వాసన మగ, ఆడ కుక్కలు రెండింటికీ సమానమే. ఆడకుక్కలలో వీటికి తోడు గర్భాశయం, యోని, మూత్రమార్గం, పాలగ్రంథులకు సంబంధించిన వాసనలు కూడా ఉంటాయి. వీటిలో కొన్ని శరీర ధర్మం వలన కలిగే సహజమైన వాసనలు. మరికొన్ని చిన్నపాటి చికిత్సతో నయమయ్యే రోగాలకు గుర్తులు. గర్భాశయంలో చీము చేరే పయోమెట్రా వంటి కొన్ని వ్యాధులు మాత్రం సకాలంలో చికిత్స అందకపోతే కొద్ది రోజులలోనే ప్రాణం తీయగలవు.

వాసన ఎంత ఘాటుగా ఉన్నదనే దానికంటె మూడు విషయాలు ముఖ్యమైనవి: వాసన శరీరంలో ఏ భాగం నుండి వస్తున్నది, కుక్క చివరిసారి ఎదకు వచ్చి లేదా ఈని ఎన్ని రోజులైనది, వాసనతో పాటు ఇంకా ఏ లక్షణాలు ఉన్నవి. పయోమెట్రాలో ఎక్కువ ప్రమాదకరమైన రకంలో బయటకు వాసనే రాదు. కనుక వాసన లేకపోవడాన్ని ఆరోగ్యానికి ఋజువుగా తీసుకోరాదు.

సహజమైన వాసనలు

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా కొంత వాసన ఉంటుంది. చర్మంలోని గ్రంథులు స్రవించే నూనె వంటి పదార్థం, వెంట్రుకలకు పట్టిన తేమ, చర్మంపై నివసించే సూక్ష్మజీవులు దీనికి కారణం. వానలో తడిసినపుడు ఈ వాసన ఎక్కువవుతుంది, ఆరిన తరువాత తగ్గుతుంది.

మలద్వారానికి ఇరువైపులా, గడియారంలో 4, 8 అంకెలు ఉండే స్థానాలలో, రెండు చిన్న సంచుల వంటి గ్రంథులు ఉంటాయి. వీటిలోని ద్రవం కుళ్ళిన చేపల వాసన వేస్తుంది. మలవిసర్జన సమయంలోనూ, కుక్క భయపడినపుడూ ఇది కొద్దిగా బయటకు వస్తుంది. పెంపకందారులు ఈ వాసనను యోని నుండి వచ్చే వాసనగా పొరబడడం కద్దు. రెండు భాగాలూ దగ్గరగా ఉండడమే ఇందుకు కారణం. శుభ్రమైన తెల్లని దూదితో రెండు చోట్లా వేరువేరుగా అద్ది చూస్తే తేడా తెలుస్తుంది.

ఎద చక్రం

ఆడకుక్క సాధారణంగా 6 నుండి 12 నెలల వయసులో మొదటిసారి ఎదకు వస్తుంది. పెద్ద జాతులలో ఇది ఇంకా ఆలస్యం కావచ్చును. ఆ తరువాత సుమారు ఆరు, ఏడు నెలలకు ఒకసారి చొప్పున ఎదకు వస్తుంటుంది. ఈ చక్రంలో నాలుగు దశలు కలవు.

• పూర్వ ఎద దశ: సగటున 9 రోజులు. యోని ముఖం వాచి, రక్తంతో కూడిన స్రావం కనిపిస్తుంది. మగకుక్కలు వెంటబడినా ఆడకుక్క దగ్గరకు రానివ్వదు.
• ఎద దశ: సగటున 9 రోజులు. స్రావం లేత రంగుకు మారుతుంది. ఈ దశలోనే జత కడుతుంది.
• ఎద తరువాతి దశ: సుమారు రెండు నెలలు. గర్భం నిలిచినా నిలవకపోయినా ప్రొజెస్టిరాన్ అనే హార్మోను రక్తంలో ఎక్కువగా ఉంటుంది.
• విశ్రాంతి దశ: సాధారణంగా నాలుగైదు నెలలు.

మొదటి రెండు దశలలో స్రావానికి కొంత వాసన ఉండడం సహజం. అది మగకుక్కలను ఆకర్షిస్తుందే గాని, మనుషులకు కుళ్ళు వాసనగా తోచదు. స్రావం చిక్కగా, పసుపు లేదా ఆకుపచ్చ లేదా చాక్లెట్ రంగులో ఉండి కుళ్ళు వాసన వేస్తే అది ఎద స్రావం కాదు. మూడు నాలుగు వారాలు దాటినా రక్తస్రావం ఆగకపోవడం కూడా సహజం కాదు.

పయోమెట్రా

గర్భాశయంలో చీము చేరడాన్ని పయోమెట్రా అంటారు. శస్త్రచికిత్స ద్వారా గర్భాశయం తొలగించని ఆడకుక్కలలో, ముఖ్యంగా నడివయసు దాటిన వాటిలో, ఇది తరచుగా కనిపించే వ్యాధి. ఆరోగ్య కారణం లేకుండా ఆడకుక్కలకు గర్భాశయం తొలగించే అలవాటు తక్కువగా ఉండిన స్వీడన్‌లో, బీమా చేయించిన కుక్కల వివరాలను పరిశీలించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. పదేళ్ళ వయసు వచ్చేలోపు దాదాపు నాలుగింట ఒక వంతు ఆడకుక్కలకు ఈ వ్యాధి సోకినట్లు అందులో తేలింది.

కారణం

ఎద తరువాతి దశలో ప్రొజెస్టిరాన్ ప్రభావం వలన గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. అందులోని గ్రంథులు ద్రవాన్ని స్రవిస్తాయి, గర్భాశయ కండరాల కదలిక తగ్గుతుంది, ముఖద్వారం మూసుకుంటుంది, ఆ భాగంలో రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. ఇదంతా పిండాన్ని కాపాడడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు. అయితే ఎద సమయంలో ముఖద్వారం తెరచి ఉన్నపుడు లోపలికి చేరిన బాక్టీరియాకు కూడా ఇదే అనువైన చోటు అవుతుంది. వీటిలో ఎక్కువగా కనిపించేది సాధారణంగా పేగులలో నివసించే ఎశ్చరీషియా కోలి. ప్రతి ఎద తరువాత, గర్భం లేకపోయినా, ఈ మార్పులు జరుగుతాయి కనుక వయసు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది. ఎద రాకుండా ఆపడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్లు, అవాంఛిత గర్భాన్ని నివారించడానికి ఇచ్చే ఈస్ట్రోజన్ ఇంజెక్షన్లు కూడా ఈ వ్యాధికి దారి తీయవచ్చును.

రకాలు

• తెరచిన రకం: గర్భాశయ ముఖద్వారం తెరచి ఉంటుంది. చీము లేదా రక్తం కలిసిన చీము యోని ద్వారా కారుతుంది. దుర్వాసన ఉంటుంది. కుక్క వెనుక భాగాన్ని పదే పదే నాకుకుంటుంది. ఇలా నాకడం వలన ఒక్కోసారి స్రావం యజమాని కంట పడదు.
• మూసుకున్న రకం: ముఖద్వారం మూసుకొని ఉంటుంది. చీము బయటకు రాదు, వాసనా రాదు. పొట్ట ఉబ్బవచ్చును. విషపదార్థాలు రక్తంలో కలుస్తాయి. గర్భాశయం పగిలితే చీము పొట్టలోకి చేరుతుంది. తెరచిన రకం కంటె ఇది ఎక్కువ ప్రమాదకరం.

లక్షణాలు

సాధారణంగా ఎద ముగిసిన రెండు వారాల నుండి మూడు నెలల లోపు లక్షణాలు బయటపడతాయి. మందకొడితనం, ఆహారం మానడం, వాంతులు, ఎక్కువగా నీళ్ళు త్రాగడం, ఎక్కువగా మూత్రం పోయడం ముఖ్యమైనవి. జ్వరం ఉండవచ్చును, ఉండకపోవచ్చును. వ్యాధి ముదిరిన తరువాత శరీర ఉష్ణోగ్రత సాధారణం కంటె పడిపోవచ్చును కూడా. కాబట్టి జ్వరం లేదని ఊరుకోరాదు.

కుక్క ఎంత నీరు త్రాగుతున్నదో ఇంటిలోనే కొలవవచ్చును. ఉదయం కొలిచి పోసిన నీటి నుండి మరునాటి ఉదయం మిగిలిన నీటిని తీసివేస్తే సరిపోతుంది. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అనగా 10 కిలోల కుక్క లీటరుకు మించి త్రాగితే, అది అసాధారణం.

చికిత్స

అండాశయాలతో సహా గర్భాశయాన్ని తొలగించడం ప్రధానమైన చికిత్స. దానికి ముందు, తరువాత సెలైన్, యాంటీబయాటిక్ మందులు ఇస్తారు. కేవలం యాంటీబయాటిక్‌లతో ఈ వ్యాధి నయం కాదు. సంతానం కోసం ఉంచదలచిన కుక్కలకు, పరిస్థితి నిలకడగా ఉన్నపుడు మాత్రమే, అగ్లెప్రిస్టోన్, ప్రోస్టాగ్లాండిన్ వంటి మందులతో చీమును వెడలించే చికిత్స చేస్తారు. ఇటువంటి కుక్కలలో తరువాతి ఎదలలో వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉన్నది. శస్త్రచికిత్స సకాలంలో జరిగితే అధిక భాగం కుక్కలు కోలుకుంటాయి. రోజులు గడిచి మూత్రపిండాలు దెబ్బతిన్న తరువాత, లేదా గర్భాశయం పగిలిన తరువాత, అదే శస్త్రచికిత్స ప్రాణాపాయకరం అవుతుంది.

ఈనిన తరువాత వచ్చే వాసనలు

కుక్క గర్భధారణ కాలం సుమారు 63 రోజులు. ఈనిన తరువాత కొన్ని వారాల పాటు యోని నుండి స్రావం కావడం సహజం. మొదట ముదురు ఆకుపచ్చగా ఉండి, క్రమంగా ఎరుపు కలిసిన గోధుమ రంగుకు మారి, తగ్గిపోతుంది. ఆకుపచ్చ రంగు మాయలోని వర్ణకం వలన కలుగుతుంది గాని చీము వలన కాదు. ఈ స్రావానికి కుళ్ళు వాసన ఉండదు.

దీనికి భిన్నంగా ఈనిన మొదటి వారంలో స్రావం కుళ్ళు వాసన వేస్తూ, కుక్క జ్వరంతో మూలుగుతూ, పిల్లలకు పాలివ్వకుండా దూరంగా ఉంటే గర్భాశయం వాపుగా (మెట్రైటిస్) అనుమానించాలి. మాయ లేదా చనిపోయిన పిల్ల లోపల నిలిచిపోవడం, కష్ట ప్రసవం దీనికి ముఖ్య కారణాలు. తల్లితో పాటు పిల్లల ప్రాణాలు కూడా దీనిపై ఆధారపడి ఉన్నవి. మొదటి పిల్ల పుట్టక ముందే ఆకుపచ్చ స్రావం కనిపించి పిల్ల బయటకు రాకపోతే, మాయ విడిపోతున్నదని అర్థం. ఇది అత్యవసర పరిస్థితి.

పాలగ్రంథి గట్టిపడి, వేడిగా, ఎర్రగా మారి, పాలు చీము కలిసినట్లు రంగు మారితే అది పాలగ్రంథుల వాపు (మాస్టైటిస్). ముసలి కుక్కలలో పాలగ్రంథులపై గడ్డ పెరిగి, పగిలి పుండుగా మారి వాసన వేస్తే అది క్యాన్సర్ కావచ్చును. గడ్డ చిన్నదిగా ఉన్నపుడే చూపించడం మేలు.

యోని, మూత్రమార్గం

యోని వాపు: మొదటి ఎద రాని పిల్లలలో యోని నుండి కొద్దిగా తెల్లని లేదా పసుపు రంగు స్రావం కనిపించవచ్చును. పిల్ల హుషారుగా ఉంటే ఇది చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. పెద్ద కుక్కలలో అయితే మూత్ర వ్యాధులు, లోపల చిక్కుకున్న గడ్డిపరక వంటి వస్తువు, కణితి మొదలైన కారణాలను వెదకవలసి ఉంటుంది.

మూత్రమార్గ వ్యాధి: ఆడకుక్కలలో మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉండడం వలన బాక్టీరియా సులభంగా పైకి ప్రాకుతుంది. మూత్రం ఘాటుగా వాసన వేయడం, కొద్ది కొద్దిగా తరచుగా పోయడం, ముక్కడం, రక్తం కనిపించడం లక్షణాలు. మూత్రాశయంలో రాళ్ళు ఉన్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి.

మూత్రం జారడం: గర్భాశయం తొలగించిన కొన్ని ఆడకుక్కలలో, ముఖ్యంగా పెద్ద జాతులలో, నిద్రలో మూత్రం జారుతుంది. పడుకున్న చోట తడి, వెనుక కాళ్ళ వద్ద మూత్రపు వాసన ఉంటాయి. దీనికి మందులు ఉన్నవి. ఇది కుక్క తప్పు కాదు కనుక దండించరాదు.

చర్మపు మడతల వాపు: స్థూలకాయం ఉన్న కుక్కలలో యోని చుట్టూ ఉన్న చర్మం మడత పడి, తేమ నిలిచి, ఒరిసి, దుర్వాసన వేస్తుంది. బరువు తగ్గించడం, మడతలను తుడిచి పొడిగా ఉంచడం చికిత్సలో భాగం.

సంక్రమణ జననాంగ కణితి

భారతదేశంలో విచ్చలవిడిగా తిరిగే కుక్కలలో తరచుగా కనిపించే వ్యాధి ఇది. టి.వి.టి. అని పొట్టి పేరు. యోని లోపల కాలీఫ్లవర్ వలె కండ పెరిగి, చుక్కలు చుక్కలుగా రక్తం కారుతూ, దుర్వాసన వేస్తుంది. దీనిని ఎద రక్తంగా పొరబడి ఊరుకోవడం కద్దు. ఎద రక్తం మూడు వారాలలో ఆగిపోతుంది, ఇది నెలల తరబడి ఆగదు. ఈ వ్యాధిలో ఒక కుక్క నుండి మరొక కుక్కకు సోకేది సూక్ష్మజీవి కాదు, సజీవమైన క్యాన్సర్ కణమే. జత కట్టడం, వాసన చూడడం, నాకడం ద్వారా ఇది వ్యాపిస్తుంది. 1876లో రష్యాకు చెందిన పశువైద్యుడు నోవిన్‌స్కీ ఈ కణితిని ఒక కుక్క నుండి మరొక కుక్కకు మార్పిడి చేసి చూపాడు. కొన్ని వేల సంవత్సరాల క్రితం ఒకే కుక్కలో పుట్టిన కణాలు నేటికీ ఇలా వ్యాపిస్తున్నవని జన్యు పరిశోధనలలో తేలింది. క్యాన్సర్ అయినప్పటికీ వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు ఇచ్చే విన్‌క్రిస్టీన్ ఇంజెక్షన్లతో చాలా కుక్కలలో పూర్తిగా నయమవుతుంది.

ఇతర భాగాల నుండి వచ్చే దుర్వాసన

• చెవులు: పులిసిన వాసన, గోధుమ రంగు మైనం, తల విదిలించడం, చెవి గోక్కోవడం. లాబ్రడార్, కాకర్ స్పానియల్ వంటి వ్రేలాడే చెవుల జాతులలో, తేమ ఎక్కువగా ఉండే వానాకాలంలో ఎక్కువ.
• చర్మం: మలసీజియా అనే ఈస్టు పెరిగినపుడు జిడ్డు, దురద, మక్కిన నూనె వంటి వాసన ఉంటాయి. గజ్జి, బాక్టీరియా పుండ్ల వలన కూడా వాసన వస్తుంది.
• పురుగు పట్టిన పుండు: గాయంపై ఈగలు గుడ్లు పెట్టగా పురుగులు పడతాయి. కుళ్ళిన మాంసం వాసన వస్తుంది. దట్టమైన వెంట్రుకల క్రింద గాయం కనపడదు. ఇది రోజుల్లో లోతుకు పోతుంది.
• మలద్వార గ్రంథులు: గ్రంథులు నిండి మూసుకుపోతే కుక్క పిర్రలను నేలకు రాస్తూ జరుగుతుంది. చీము పట్టితే ప్రక్కన వాచి పగులుతుంది.
• నోరు: పళ్ళపై గార, చిగుళ్ళ వ్యాధి సాధారణ కారణాలు. నోటి నుండి మూత్రం వంటి వాసన వస్తే మూత్రపిండాల వైఫల్యాన్ని, మిక్కిలి పండిన పండ్ల వంటి తీపి వాసన వస్తే ముదిరిన మధుమేహాన్ని అనుమానించాలి. ప్రొజెస్టిరాన్ ప్రభావం ఇన్సులిన్‌కు అడ్డు తగులుతుంది కనుక ఎద తరువాతి దశలో ఆడకుక్కలకు మధుమేహం రావడం ఎక్కువ.
• విరేచనాలు: టీకా వేయించని కుక్కపిల్లలలో రక్తంతో కూడిన, భరించలేని దుర్వాసన గల విరేచనాలు, వాంతులు పార్వో వైరస్ వ్యాధికి లక్షణాలు.

పశువైద్యుని వద్దకు ఎప్పుడు తీసుకువెళ్ళాలి

వెంటనే, అదే రోజున:

• ఎద ముగిసిన మూడు నెలల లోపు యోని నుండి చీము లేదా దుర్వాసన గల స్రావం.
• వాసన లేకపోయినా, అదే కాలంలో ఆహారం మానడం, వాంతులు, ఎక్కువగా నీళ్ళు త్రాగడం, పొట్ట ఉబ్బడం.
• ఈనిన కుక్కకు దుర్వాసన గల స్రావం, జ్వరం, పిల్లలను పట్టించుకోకపోవడం.
• పిల్ల బయటకు రాకుండా ఆకుపచ్చ స్రావం కనిపించడం.
• మూత్రం పోయడానికి ముక్కుతున్నా చుక్క రాకపోవడం.
• నోటి నుండి మూత్రం వంటి లేదా తీపి వాసనతో పాటు నీరసం, వాంతులు.
• పురుగు పట్టిన పుండు, రక్త విరేచనాలు.
• చిగుళ్ళు పాలిపోవడం, కుక్క లేవలేకపోవడం.

ఒకటి రెండు రోజులలో: మూత్రంలో రక్తం లేదా కొత్తగా ఘాటైన వాసన, చెవుల నుండి చీము, మలద్వారం ప్రక్కన వాపు, పాలగ్రంథిపై గడ్డ లేదా పుండు, మూడు నాలుగు వారాలు దాటినా ఆగని రక్తస్రావం. పాలగ్రంథి వాపుతో పాటు కుక్క నీరసపడితే ఆగకుండా అదే రోజున చూపించాలి.

కొద్ది రోజులు గమనించవచ్చు: ఆహారం, ఆట, మలమూత్రాలు మామూలుగా ఉండి, వాసన స్నానంతో పోయి తిరిగి రాకపోతే. అదే వాసన తిరిగి వస్తే చూపించాలి.

వైద్యునికి చెప్పవలసిన వివరాలు, పరీక్షలు

కుక్క వయసు, చివరిసారి ఎదకు వచ్చిన తేదీ, జత కట్టినదీ లేనిదీ, ఈనిన తేదీ, గర్భాశయం తొలగించినదీ లేనిదీ, ఇదివరకు ఇచ్చిన హార్మోను ఇంజెక్షన్లు, త్రాగుతున్న నీటి పరిమాణం చెప్పాలి. ఎద తేదీ ఒక్కటి తెలిసినా రోగ నిర్ధారణ చాలా సులభమవుతుంది. కనుక ప్రతి ఎద మొదటి రోజును కాలెండరుపై గుర్తు పెట్టుకోవడం మంచి అలవాటు. కుక్క సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్ (సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్). కనుక మనుషుల లెక్కతో జ్వరమని భావించరాదు.

వైద్యుడు అవసరాన్ని బట్టి స్రావాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించడం, రక్త, మూత్ర పరీక్షలు, అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే చేయిస్తారు. మూసుకున్న పయోమెట్రాను గుర్తించడానికి అల్ట్రాసౌండ్ ఎక్కువగా ఉపయోగపడుతుంది. వైద్యుని వద్దకు వెళ్ళేముందు స్రావాన్ని పూర్తిగా కడిగివేయకుండా ఉంచడం మంచిది.

ఇంటిలో చేయకూడని పనులు

అత్తరు, పౌడరు, తరచు స్నానాలతో వాసనను కప్పిపుచ్చడం వలన వ్యాధి తగ్గదు, గుర్తించడం మాత్రం ఆలస్యమవుతుంది. యోని లోపల నీటితో గాని, క్రిమిసంహారక ద్రావణాలతో గాని కడుగరాదు. ఫినాయిల్ పోయడం వలన చర్మం కాలుతుంది. పైన పూసే పసుపు, వేపనూనె గర్భాశయంలోని చీమును చేరలేవు. మనుషుల నొప్పి మందులైన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కలకు విషతుల్యం కావచ్చును. ఇంటిలో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేయడం వలన లక్షణాలు కొన్నాళ్ళు అణగి, రోగం లోపల ముదురుతుంది.

స్రావాలను శుభ్రం చేసేటపుడు చేతి తొడుగులు ధరించి, తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవాలి. కుక్కలలో గర్భస్రావం కలిగించే బ్రూసెల్లా, మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరా మనుషులకు కూడా సోకగలవు. ప్రవర్తన మారి, నోటి వెంట చొంగ కారుతున్న కుక్క నోటిలో చేయి పెట్టి చూడరాదు. అది రేబిస్ కావచ్చును.

నివారణ

పిల్లలను కనే అవసరం లేని ఆడకుక్కకు అండాశయాలను, గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్స పయోమెట్రాకు నమ్మకమైన నివారణ. జనవ్యవహారంలో దీనిని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటారు. అండాశయపు ముక్క లోపల మిగిలిపోతే, మిగిలిన గర్భాశయపు మొదలులో చీము చేరే అవకాశం అరుదుగా ఉంటుంది. మొదటి ఎదకు ముందే ఈ శస్త్రచికిత్స చేస్తే పాలగ్రంథుల క్యాన్సర్ చాలా అరుదని 1969లో ఒక అధ్యయనం పేర్కొన్నది. ఈ విషయంపై ఉన్న ఆధారాలు బలహీనమైనవని 2012లో వెలువడిన సమీక్ష అభిప్రాయపడింది. మూత్రం జారడం, బరువు పెరగడం, పెద్ద జాతులలో కీళ్ళ సమస్యలు దృష్టిలో ఉంచుకొని ఏ వయసులో చేయించాలో పశువైద్యునితో చర్చించి నిర్ణయించాలి. ఎద ముగిసిన రెండు మూడు నెలల తరువాత చేయించడం వాడుక.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పశుసంవర్ధక శాఖ ఆసుపత్రులలో కుక్కలను చూపించవచ్చును. క్లిష్టమైన కేసులకు తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నవి. దూరం, ఖర్చు కారణంగా ప్రయాణం వాయిదా వేసేవారు పైన చెప్పిన అత్యవసర లక్షణాల పట్టికను గుర్తుంచుకోవాలి. ఆ లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా, వాసన ఉన్నా లేకపోయినా, మరునాటికి వాయిదా వేయరాదు.